కాకి ఎంగిలి

ఆ యంత్రానికి దాన్ని కనిపెట్టినావిడ పెట్టిన పేరు మూలదర్శిని. బందరు పిల్లలు పెట్టిన పేరు ఎంగిలి మిషను. పిల్లలు పెట్టిన పేరే నిలిచింది. అది చేసే పని అదే మరి. మీరొక ఆలోచన చెబితే, అది మీ బుర్రలో పుట్టిందో, ఎవరో కొరికి వదిలేసినదాన్ని మీరు నోట్లో వేసుకున్నారో చెప్పేస్తుంది.

సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన విజ్ఞాన కేంద్రంలో ప్రతి వేసవికీ హైస్కూలు పిల్లలకి శిబిరం పెడతారు. ఊరికొక్క సీటు. మార్కులు అడగరు, సర్టిఫికెట్లు అడగరు. సొంత ఆలోచన ఒకటి పట్టుకు రమ్మంటారు, అంతే. ఆ సొంతం అన్న మాట దగ్గరే చాలామంది పిల్లలు, వాళ్ళకంటే ముందు వాళ్ళ నాన్నలు, రాలిపోతారు. వెనకటేడు ఒక పిల్లాడు గాలిమర గురించి గడగడా చెబుతుంటే, మిషను లోంచి వాళ్ళ ట్యూషన్ మాస్టారి గొంతు తప్ప ఇంకేమీ వినబడలేదట. మాస్టారు మధ్యలో దగ్గిన దగ్గు కూడా వచ్చిందని చెప్పుకుని నవ్వుతారు.

చిలకలపూడిలో తొమ్మిదో తరగతి చదివే రాగిణికి ఆ సీటు కావాలి. మామూలుగా కావాలని కాదు, అన్నం సయించనంతగా కావాలి. సముద్రం వైపు అద్దాల గది, చేతులు మోచేతిదాకా మడిచిన తెల్లకోటు, కిటికీలోంచి చూస్తే వరసగా వేటకి వెళ్ళే పడవలు. కళ్ళు మూసుకుంటే ఇవే. కానీ గోడకవతల హైమకి కూడా ఆ సీటే కావాలి. అదీ వచ్చిన చిక్కు.

రాగిణి వాళ్ళది గిల్టు నగల ఇల్లు. రాగి తీగ మీద పల్చని బంగారం రేకు తొడిగి, గాజులు చేసి, మెరుగు పెట్టడం అమ్మ పని. "మీరిద్దరూ కలిస్తే ఒక గిల్టు గాజు కదటే. రాగి ఒకత్తి, బంగారం ఒకత్తి," అని అమ్మ నవ్వేది. హైమ అంటే బంగారం కదా. రాగిణికి ఆ హాస్యం ఏనాడూ రుచించలేదు. గాజు చూసినవాళ్ళకి కనబడేది బంగారమే. రాగి ఎంత ఉన్నా లోపలే ఉంటుంది.

నిజం చెప్పాలంటే, ఆ పిల్ల బాధ ఊరికే పుట్టినదేం కాదు. క్లాసులో రాగిణి నెమ్మదిగా జవాబు చెబుతుంది, ఎవరికీ వినబడదు. పక్కనున్న హైమ అదే గట్టిగా చెబుతుంది, ఫణి మాస్టారు "శభాష్ హైమా" అంటూ బోర్డు మీద రాస్తారు. రాగిణి ఒక జోకు వేస్తే గాలికి పోతుంది. అదే జోకు హైమ వేస్తే క్లాసంతా బల్లలు చరుస్తుంది. చివరికి మామిడికాయ ముక్క కూడా అంతే. చున్నీ చెంగు కాయ మీద కప్పి, పటుక్కుమని కొరికి, విరిచి చెరో ముక్కా తింటారు. కాకి ఎంగిలి. మధ్యలో బట్ట అడ్డం ఉంటే ఎంగిలి అంటదన్నది ఒకటో తరగతి నుంచీ వాళ్ళ శాస్త్రం. విరిచిన ప్రతిసారీ రాగిణి కళ్ళు హైమ ముక్క మీదే ఉంటాయి. ప్రతిసారీ అదే పెద్దదిగా కనబడుతుంది.

ఆ మధ్యాహ్నం కూడా బడి వెనక వేపచెట్టు కింద మామిడికాయ విరిచాకే, హైమ సంచీలోంచి కాగితం తీసింది. హెడ్మాస్టరు ప్రార్థన దగ్గర ప్రకటన చదివినట్టు గొంతు సవరించుకుంది.

"గిల్టు గాజు ఒకరి చేతికి ఏడాదైనా నల్లబడదు. ఇంకొకరి చేతికి వారానికే నల్లబడుతుంది. ఇది గాజు లోపం కాదు, చెమటలో తేడా అని మేము అనుకుంటున్నాం. నలుపును బట్టి ఒంట్లో జబ్బుని ముందే పసిగట్టవచ్చునని మేము..."

రాగిణి నోట్లో ముక్క ఆగిపోయింది. "ఏంటే అది?"

"శిబిరానికి పంపేది. ఆగవే, చివరిదాకా విను."

"మేము అంట, మేము! అప్పుడే కలెక్టరమ్మ అయిపోయావా? గాజులు మా ఇంటివి. ఎందుకు నల్లబడతాయని అడిగింది నేను."

"అడిగావు. కాదన్నానా? చెమట అన్నది నేను. అందుకే చివర్లో..."

"దొంగ!"

హైమ ముఖంలో నవ్వు ఠక్కున పోయింది. "ఏమన్నావే?"

"దొంగవి అన్నాను. నా జవాబులు ఎత్తుకుపోయావు, నా జోకులు ఎత్తుకుపోయావు. ఇప్పుడు ఇది."

హైమ కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. చివర్లో ఏముందో చెప్పడానికి ఒక్క క్షణం పట్టేది. కానీ దొంగ అనిపించుకున్నాక సంజాయిషీ చెప్పుకునే రకం కాదు ఆ పిల్ల. "సరే. మిషనే చెబుతుందిలే," అని లేచిపోయింది.

రాగిణి ఇంటికొచ్చి అదే ఆలోచనని తన మాటల్లో రాసి పంపింది. ప్రతి వాక్యంలోనూ "నేను" అని రాసింది, ఒకటికి రెండుసార్లు. అమ్మ వసారాలో గాజులకి మెరుగు పెడుతోంది.

"హైమ రావట్లేదేంటే ఈ మధ్య?"

"దానికేంటమ్మా, గొప్పది."

"అదేం మాటే? నిన్న నువ్వు లేనప్పుడు గోడ మీంచి తొంగి చూసి పోయింది."

రాగిణికి ఒళ్ళు మండింది. తొంగి చూసిందంటే ఇంకేమైనా ఎత్తుకుపోవడానికే అయివుంటుంది. కళ్ళల్లో నిప్పులు పోసుకున్న మనిషికి గోడ మీది ముఖం కూడా దొంగముఖంలాగే కనబడుతుంది మరి.

పరీక్ష రోజున ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళారు, ఒకళ్ళు ముందు సీట్లో, ఒకళ్ళు వెనక. కేంద్రంలో వాళ్ళని పిలిచినావిడ యంత్రం కనిపెట్టిన డాక్టరు. పేరు అనసూయ. బక్కపల్చటి మనిషి, ముఖంలో ఎప్పుడూ దేన్నో చెవి ఒగ్గి వింటున్న తీరు.

"రండర్రా, కూర్చోండి," అంది. వెంటనే, "ఇది మా నాయనమ్మ పిలుపు," అని చేర్చింది.

పిల్లలిద్దరూ తెల్లబోయారు.

"ఎండ పెనం మీద నిలబెట్టినట్టుంది కదూ. ఇది ఇందాకటి ఆటో అతని మాట. మంచినీళ్ళు తాగుతారా? ఇది... ఇది అందరిదీను."

మామూలు రోజైతే రాగిణీ హైమా ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, నోటికి చున్నీలు అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వేవాళ్ళు. అలవాటు కొద్దీ చూసుకున్నారు కూడా. చూపులు కలిశాక ఇద్దరూ తల తిప్పేసుకున్నారు.

నెత్తికి మెత్తటి టోపీ లాంటిది తగిలించి, ఆలోచన చెప్పమంది డాక్టరు. రాగిణి చెబుతుంటే ఎదురుగా తెర మీద రెండు దారాలు పారుతున్నాయి. ఒకటి తెలుపు, ఒకటి నీలం.

"చెవిన పడిన ఆలోచన ఆ చెప్పినవాళ్ళ గొంతుతో సహా లోపలికి వెళ్తుందమ్మా. కొత్తలో ఆ గొంతు పైపైనే వినబడుతుంది. పోనుపోను గొంతు అరిగిపోయి ఆలోచన ఒక్కటే మిగులుతుంది. అప్పుడు అది మనదే అనుకుంటాం. నీలం దారం అంటే అరిగిన గొంతు. తెలుపు నీ సొంతం."

హైమ చెప్పినప్పుడూ తెర మీద అవే రెండు దారాలు, జడ అల్లినట్టు. డాక్టరు చాలాసేపు చూసి పెదవి విరిచింది. "ఇద్దరిదీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయింది. పైపైన చూస్తే విడిపడదు. చీటీలు వేద్దామా?"

చీటీలా? చీటీల్లో కూడా హైమే గెలుస్తుంది. తిరునాళ్ళలో రంగులరాట్నం దగ్గర లాటరీలో ప్లాస్టిక్ బొమ్మ దానికే వచ్చింది. రాగిణి లేచి నిలబడింది. "వద్దండీ. లోతుగా చూడండి. లోతుగా చూడొచ్చని మా మాస్టారు చెప్పారు."

డాక్టరు చేతులు బల్ల మీదనుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "చూడొచ్చు. చూశాక మళ్ళీ మూత పెట్టడం నాకు చేతకాదు. ఇది ఎవరి మాటా కాదు, నాదే. మొదట నన్ను నేనే చూసుకున్నాను. అప్పటినుంచీ ఏది అనుకున్నా, ఎవరి దగ్గర పట్టానో వాళ్ళ గొంతు వినబడుతూనే ఉంది. కూనిరాగం తీయలేను. పోపు వేస్తే పోపులో మా అమ్మ. కోపమొస్తే కోపంలో మా నాన్న. నాదంటూ మిగిలింది ఈ మిషనొక్కటే. పిల్లలకి చేయను."

"అయితే దొంగతనం చేసినా సీటిచ్చేస్తారా?" అంది రాగిణి.

ఆ మాట డాక్టరుతో అన్నా, తగలవలసినచోట తగిలింది. హైమ కుర్చీలోంచి లేచి వచ్చి టోపీ తనే తీసుకుంది. "చేయండి మేడం. నేను దొంగని కాదు. అది తేలాలి."

డాక్టరు వద్దన్నట్టు చెయ్యి ఎత్తింది. కానీ ఆవిడ చూపు తెర మీదికి పోయింది. రెండు బుర్రల్లో పెనవేసుకున్న ఒక్క ఆలోచన ఆవిడకి మళ్ళీ ఎప్పుడు దొరుకుతుంది? ఎత్తిన చెయ్యి నెమ్మదిగా దిగి మీట మీద పడింది. పెద్దవాళ్ళ ఆశ ముందు పిల్లల మేలు ఎప్పుడూ నిలబడదు.

హైమ కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం దగ్గరే నీలం దారం ఉబ్బి, గదిలోకి ఒక గొంతు వచ్చింది. నోటినిండా మామిడికాయ పెట్టుకుని నములుతున్న గొంతు. "ఒసే హైమా, మీ అమ్మ గాజులు ఇంత తొందరగా ఎందుకు నల్లబడతాయే?"

రాగిణి గొంతే. "చూశారా! చూశారా!" అని రాగిణి ఎగిరి గంతేసింది. ఆ ఒక్క నిమిషం ఉన్నంత సంతోషం ఆ పిల్ల బతుకులో అంతకుముందు లేదు. హైమ నోట్లో దొంగసొత్తు అందరి ముందూ దొరికింది!

చెమట అన్నచోట దారం తెల్లగా పారింది. జబ్బు అన్నచోటా తెలుపే. అక్కడినుంచి "అని మేము అనుకుంటున్నాం" దగ్గరికి వచ్చేసరికి, డాక్టరు ముందుకి వంగింది. ఆ ఒక్క మాట దగ్గర తెలుపూ నీలమూ పక్కపక్కనే, రెండూ సమానంగా, ఒకదాన్నొకటి ముట్టుకుని నిలబడ్డాయి.

"మేము అంటే ఎవరమ్మా?"

హైమ కళ్ళు తెరవలేదు. "నేనూ రాగిణీ. చివర్లో ఇద్దరి పేర్లూ రాశాను. ఇద్దరం కలిసి అనుకున్నాం కాబట్టి రెండు సీట్లు ఇమ్మని అడిగాను. రాగిణి చివరిదాకా వినలేదు."

కలెక్టరమ్మ మేము కాదు అది. హెడ్మాస్టరు మేము కాదు. మామూలు మేము. ఇద్దరు ఆడపిల్లలు చెప్పుకునే మేము. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తెలుగే మాట్లాడుతున్న రాగిణికి ఆ మాటకి ఆ అర్థం తట్టనే లేదు.

"నాకెవరూ చెప్పలేదే," అంది డాక్టరు. "కాగితాలు ఆఫీసువాళ్ళు చదువుతారు, నేను వినడమే. అయినా ఊరికి ఒక సీటే అమ్మా. నిబంధన."

టోపీ తీసేసరికి హైమ ముఖం పాలిపోయి ఉంది. రాగిణి వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది. ఈ గొంతు ముందు ఎక్కడో విన్నానే అని గుర్తు చేసుకుంటున్నట్టు, పరాయిదాన్ని చూసినట్టు చూసింది.

"నాకొద్దండీ, నేను చూపించుకోను," అంది రాగిణి.

"ఆ పిల్లని చూశాక నిన్ను చూడకపోతే అన్యాయం కదమ్మా," అంది డాక్టరు. ఈసారి అది ఎవరి మాటో చెప్పలేదు.

రాగిణి ప్రశ్న తెల్లగా వచ్చింది, మచ్చ లేకుండా. చెమట దగ్గర హైమ గొంతు పలికింది. "చెమటేమోనే. మా అమ్మకి షుగరు కదా. చెమట కూడా వేరుగా ఉంటుందేమో." ఆ గొంతులో గొప్పేమీ లేదు. తల్లి గురించి బెంగ ఉంది. అప్పుడెప్పుడో మొదటిసారి వేపచెట్టు కింద విన్నప్పుడు రాగిణికి అది వినబడలేదు.

"మొదటి కొరుకు ఎవరిదో సీటు వాళ్ళది," అంది డాక్టరు. "ప్రశ్న నీది. సీటు నీదే. ఇక ఆఖరున అందరినీ అడిగేదే. శిబిరానికి ఎందుకు రావాలనుకుంటున్నావు?"

దీనికి రాగిణి తడుముకోనక్కర్లేదు. "సముద్రం వైపు అద్దాల గదిలో, తెల్లకోటు వేసుకుని..."

తెరంతా నీలమైపోయింది. ఒక్క పోగు కూడా తెల్లది లేదు. గదిలో సముద్రపు గాలి చప్పుడు, దాని వెనక ఆరో తరగతి హైమ గొంతు. "అక్కడ కట్టేది చూశావా? దాంట్లో సముద్రం వైపు అద్దాల గది ఉంటుందంట. తెల్లకోటు చేతులు ఇలా మడుచుకుని పడవలు చూస్తూ పనిచేసుకోవచ్చు. నేను వెళ్తానే. నువ్వు కూడా రావే, మనం ఇద్దరం వెళ్దాం."

అన్నం సయించనివ్వని కోరిక అంతా హైమదే! తనది ఒక్క పోగు లేదు. రాగిణి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. నీలం సర్దుకున్నాక, అడుగున ఇంకేదో కనబడింది. లావుగా, పేనిన మోకులా ఒకటే తెలుపు.

డాక్టరు దాన్ని ముట్టింది. ఏ గొంతూ రాలేదు. ఇంకా లోతుకి వెళ్ళింది. నిశ్శబ్దం. ఆవిడ కళ్ళు చెమర్చాయి. "ఇంత శుద్ధమైనది నేనెప్పుడూ చూడలేదమ్మా. ఎవరి నీడా పడలేదు. అచ్చంగా నీ ఒక్కదానిదే. ఏమిటమ్మా ఇది?"

రాగిణికి తెలుసు. ఎవరూ నేర్పలేదు, ఎవరి దగ్గరా తీసుకోలేదు, ఎవరికీ పెట్టలేదు. చిన్నప్పటినుంచీ లోపల ఒక్కతే కూర్చుని పేనుకున్న కుళ్ళు. పేరులోనే అసూయ లేని ఆ డాక్టరుకి దాన్ని ఏమని చెప్పాలి? "తెలీదండీ," అంది.

ఇంటికొచ్చాక రాగిణికి కంచం ముందు కూర్చోవడమే కష్టమైంది. ముద్ద కలిపే తీరు అమ్మది. ముందు పచ్చడితో మొదలుపెట్టడం హైమది. "అబ్బా" అనడం కూడా హైమదే. తల దువ్వుకుంటే, పాపిడి అక్కడ తీయమన్న హైమ గొంతు. ఇంతకాలం అది తన సొత్తు ఎత్తుకుపోతోందని ఏడ్చిన పిల్ల, ఎక్కడ చెయ్యి పెట్టినా దాని సొత్తే తగిలి బెంబేలెత్తిపోయింది. మూడు రోజులకి ఇక ఆగలేక, మామిడికాయ ఒకటి తీసుకుని గోడ చుట్టూ తిరిగి హైమ వాళ్ళింటికి వెళ్ళింది.

హైమ అరుగు మీద కూర్చుని వీధిలోకి చూస్తోంది. "రా," అని, ఒక క్షణం ఆగి, "ఇలా పిలవడం మా అమ్మది," అంది.

రాగిణి మామిడికాయ ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది. "హైమా, నువ్వే వెళ్ళవే శిబిరానికి. ఆ కోరిక నీది. నాది కాదు. నేను విన్నాను."

"కోరిక నాదే. ప్రశ్న నాది కాదుగా. అక్కడికి వెళ్ళి ఏం అడగను?" హైమ గొంతులో నిష్టూరం లేదు. లెక్క చెబుతున్నట్టుంది. "నిన్న ఫణి మాస్టారు ఏదో అడిగారు. జవాబు నోటిదాకా వచ్చింది. అది నీ గొంతుతో వినబడింది. చెప్పలేదు."

"చెప్పాల్సిందే! నావన్నీ నువ్వు చెబితేనే బాగుంటాయే. నేను చెబితే ఎవరు వింటారు?" రాగిణికి ఏడుపొచ్చేసింది. "మనం ఇద్దరం మేడం దగ్గరికి వెళ్దాం. రెండు సీట్లు అడుగుదాం. మనం అడిగితే..."

"మనం," అంది హైమ. ఆ మాటని నాలుక మీద పెట్టుకుని చూసింది.

రాగిణి కళ్ళు తుడుచుకుని, చున్నీ చెంగు మామిడికాయ మీద కప్పింది. ఎప్పుడూ హైమే కొరికేది. ఈసారి తనే పటుక్కుమని కొరికి, బలమంతా పెట్టి విరిచింది. రెండు ముక్కలూ చూసుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, పెద్ద ముక్క హైమ చేతిలో పెట్టింది. "తినవే."

హైమ ముక్కని అటూ ఇటూ తిప్పింది. లోపలికి వెళ్ళి చాకు తెచ్చింది. రాగిణి పళ్ళు దిగిన అంచు పొడుగునా జాగ్రత్తగా చెక్కేసింది. చెక్కిన పెచ్చు అరుగు మీద పడింది.

"ఒసే, బట్ట అడ్డం ఉందిగా!"

"ఉంది," అంది హైమ. "అయినా తెలుస్తోంది."

ఆ మాట విన్నాక కూడా రాగిణి కళ్ళు పాడు అలవాటు కొద్దీ హైమ చేతిలో ముక్క వైపే పోయాయి, తనదానికంటే పెద్దదా అని. చెక్కేశాక అది బాగా చిన్నదైపోయింది. పెద్ద ముక్క రాగిణి దగ్గరే ఉంది.